7 కిలోల సంచిలో ఢిల్లీ ప్రయాణానికి బట్టలు

ప్రశ్న:
ఉద్యోగరీత్యా తరచుగా హైదరాబాదు నుంచి ఢిల్లీకి నాలుగైదు రోజుల పని మీద వెళ్లవలసి వస్తోంది. దేశీయ విమానాల్లో చేతి సంచికి సాధారణంగా 7 కిలోలే పరిమితి కాబట్టి, కార్యాలయానికీ, సాయంత్రం బంధువుల ఇళ్లకూ పనికివచ్చేలా, జనవరి చలికి కూడా ఆగేలా ఏమేమి సర్దుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరా? చీరలూ కడతాను, కుర్తాలూ వేసుకుంటాను.

సమాధానం:
ముందు రంగులు నిర్ణయించుకోండి. ముదురు నీలం ప్యాంట్లు రెండు, వాటిలో ఏ ఒక్కదానికైనా నప్పే కుర్తాలు మూడు ఉంటే వారమంతా గడిచిపోతుంది. గంజి పెట్టిన మంగళగిరి చీర ఎంత అందంగా ఉన్నా సంచిలో నలిగి, ఇస్త్రీ లేనిదే కట్టుకోవడానికి వీలుకాదు. అందుకే చుట్టగా చుట్టి పెట్టినా ముడతలు పెద్దగా పడని జార్జెట్ చీర ఒక్కటి, దానికి నల్లని జాకెట్టు తీసుకువెళ్లండి.

సమాధానం:
రంగుల విషయంలో పై సలహా బాగుంది కానీ, చలి సంగతి అందులో లేదు. జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరకు దిగడం మామూలే. ఒక్క మందపాటి కోటు కంటే, మధ్యలో గాలి నిలిచి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, లోపల థర్మల్, పైన పలుచని ఉన్ని స్వెటర్, ఆపైన శాలువా మేలు. బరువైన బూట్లు, శాలువా విమానంలో ఒంటిమీదే ఉంచుకోండి.

సమాధానం:
రాత్రి ఉతికి పొద్దున వేసుకుందామనుకుంటే నూలు బట్టలను నమ్ముకోకండి, పొగమంచు రోజుల్లో అవి ఆరవు. పాలిస్టర్ కలిసిన కుర్తాను పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండి, హ్యాంగర్‌కు తగిలిస్తే తెల్లవారేసరికి చాలావరకు ఆరుతుంది.