11,500 డాలర్లకి పాత 335ఐ కూపే: కొనొచ్చా, వదిలేయాలా?

ఇర్వింగ్‌కుర్రాడు
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను, హెచ్1బీ వీసా, ఇంకా పెళ్లి కాలేదు. 2009 బీఎండబ్ల్యూ 335ఐ, రెండు తలుపుల కూపే ఒకటి చూశాను. మాన్యువల్ గేర్లు, 92 వేల మైళ్ళు, 11,500 డాలర్లు చెబుతున్నాడు. రిపేర్లకి ఇంకో మూడు వేలు పక్కన పెట్టగలను. ఆఫీసుకి వెళ్ళాలన్నా ఇదే కారు. రెండో గేర్లో తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయింది, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కామ్రీకాపురం
వద్దు తమ్ముడూ. ఆ డబ్బుకి మంచి టొయోటా కామ్రీ వస్తుంది. ఈ బీఎండబ్ల్యూలకి ఆయిల్ 15,000 మైళ్ళకోసారి మారిస్తే చాలని కంపెనీయే చెప్పింది. అప్పట్లో 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళ వరకు మెయింటెనెన్స్ ఫ్రీ కదా, ఖర్చు మీద పడకుండా సాగదీశారు. లీజు ఓనరు మూడేళ్ళు నలిపి ఇచ్చేసి పోయాడు. నువ్వు కొనేది ఆ మాడిన ఆయిల్‌తో తిరిగిన టర్బోల్ని, అంటే ఇంజిన్‌లోకి గాలి తోసి పవర్ పెంచే ఫ్యాన్లని.

న్యూజెర్సీవదిన
రెండు తలుపుల కారులో పిల్లల సీటు బిగించడం ఎంత సుఖమో పెళ్లయ్యాక తెలుస్తుందిలే బాబూ.

టర్బోతాత
ఇదే ఇంజిన్ ఉన్న కూపే నా దగ్గర చాలా ఏళ్ళుగా ఉంది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. అందులోది ఎన్54, రెండు టర్బోలు, 300 హార్స్‌పవర్. 2007లో, 2008లో వరసగా ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ద ఇయర్ అయింది. దీని జబ్బులు అందరికీ తెలిసినవే, అదే దీనిలో మంచి విషయం.

హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పాడవుతుందని అమెరికాలో దానికి వారంటీ 10 ఏళ్ళు, 1,20,000 మైళ్ళకి పెంచారు. 2009 కారుకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, కాబట్టి పంపు మార్చిన బిల్లు ఉందేమో అడుగు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది, చెప్పాపెట్టకుండా పోతుంది. డ్యాష్‌బోర్డు మీద కనబడే ముల్లు ఆయిల్ వేడిది, కూలెంట్‌ది కాదు. అది చూసి ధీమాగా ఉండొద్దు. ఇంజిన్ వేడెక్కిందని ఎర్ర గుర్తు వచ్చిందా, ఎంత ట్రాఫిక్‌లో ఉన్నా పక్కకి తీసి ఆపెయ్యి.

అన్నిటికంటే ముఖ్యం, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. వేలెడంత రబ్బరు ముక్క, పదీ ఇరవై డాలర్లు. అది కారితే ఆయిల్ తిన్నగా బెల్టు మీద పడుతుంది. బెల్టు జారి, పీచులు పీచులుగా చిరిగి, క్రాంక్ సీలు (ఇంజిన్ షాఫ్ట్ చుట్టూ ఉండే రింగు) లోంచి ఇంజిన్‌లోకి దూరుతుంది. అప్పుడు ఇరవై డాలర్ల సంగతి ఇంజిన్ మీదకి వస్తుంది. టార్చి వేసి బెల్టు వైపు చూడు, తడి మెరుస్తోందంటే బేరం అక్కడే తగ్గించు.

కామ్రీకాపురం
ఇంత రాసి 15,000 మైళ్ళ సంగతికి మాత్రం జవాబు లేదు.

టర్బోతాత
అంత గ్యాప్ ఎక్కువే, నేను 5,000కే మారుస్తాను. కానీ ఎన్54 ఓనర్లు ఏడ్చేది పంపులకి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకి, గాస్కెట్లకి. ఆయిల్ గ్యాప్ వల్ల ఇవేవీ రావు.

కామ్రీకాపురం
కంపెనీ చెప్పింది తప్పే అని ఒప్పుకున్నావుగా. ఆ కారుకి ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ కూడా లేదు. ఆయిల్ ఎంతుందో స్క్రీన్ చెబితేనే తెలుస్తుంది.

టర్బోతాత
డిప్‌స్టిక్ లేకపోవడం నాకూ నచ్చదు. అందుకని కారే కొనొద్దంటే ఎలా?

ఎన్55భక్తుడు
2011 నుంచి 335ఐలో ఎన్55 వచ్చింది, ఒకటే టర్బో, ఇంజెక్టర్లు కూడా వేరే రకం. తలనొప్పి తక్కువ. రెండు వేలు ఎక్కువైనా అదే చూడు బ్రో.

మెకానిక్‌బిల్లుబాధితుడు
తాత లెక్కలన్నీ సొంత గరాజ్ ఉన్నవాళ్ళకే. మా అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని రాసుంది. జాక్ ఎక్కిస్తే చాలు, ఆఫీసు నుంచి నోటీసు. ఇరవై డాలర్ల గాస్కెట్‌కి నాకు వచ్చిన బిల్లులో లేబర్ మాత్రమే వందల్లో ఉంది. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి బయట చేయిస్తే వెయ్యి దాటుతుంది. ఇంజెక్టర్ ఒక్కొక్కటీ కొన్ని వందలు, మొత్తం ఆరు. మూడు వేలు ఒక్క ఏడాదిలో ఆవిరి.

టర్బోతాత
ఇది న్యాయమైన మాట. ఇర్వింగ్ తమ్ముడూ, నీకు గరాజ్ ఉందా?

ఇర్వింగ్‌కుర్రాడు
లేదన్నా. అపార్ట్‌మెంటే, ఓపెన్ పార్కింగ్.

కామ్రీకాపురం
అయిపోయిందిగా. ఇంకేం చర్చ?

టర్బోతాత
మా ఫ్రెండ్ ఇంటి గరాజ్‌లోనే నేను మొదలుపెట్టాను. మనసుంటే దారి దొరుకుతుంది. అసలు నీ బాధ కారు గురించి కాదు బాబాయ్. ఆదివారం పాట్‌లక్ విందులో నలుగురూ ఏమనుకుంటారోనని మనవాళ్ళంతా ఒకే రంగు కామ్రీ కొంటారు. కుర్రాడు పద్ధతి తప్పి సంతోషపడిపోతాడేమోనని నీకు టెన్షన్.

కామ్రీకాపురం
నోరు అదుపులో పెట్టుకో. నా బాధ ఏమిటో తెలుసా? మా పిన్ని కొడుకు ఇలాంటి కూపేనే కొన్నాడు. ఎవరు చెప్పినా వినలేదు. లేఆఫ్ వచ్చేసరికి కారు షాపులో విప్పి పడుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి హెచ్1బీ మీదున్న మనకి ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంటర్వ్యూలకి తిరగాలా, ఇంజెక్టర్లకి డబ్బు వెతకాలా? విప్పిన కారుని ఎవడూ కొనలేదు, తుక్కు ధరకి ఇచ్చేసి ఇండియా వెళ్ళిపోయాడు. వాడి చదువు లోన్ మా బాబాయి పొలం మీద ఉంది. ఆ వడ్డీ ఇప్పుడు ఎవరు కడుతున్నారో నువ్వు చెప్పు. ఆయిల్ గ్యాప్ వల్ల అని చెప్తావా?

న్యూజెర్సీవదిన
అయ్యో.

టర్బోతాత
మీ తమ్ముడి విషయం వింటే బాధగా ఉంది. కానీ నాది కూడా విను. గ్రీన్‌కార్డ్ క్యూలో నా తేదీ, అదే ప్రయారిటీ డేట్, 2014, ఈబీ2 కేటగిరీ. ఇల్లు కొనొద్దు, గ్రీన్‌కార్డ్ రానీ అన్నారు. ఉద్యోగం మారొద్దు, గ్రీన్‌కార్డ్ రానీ అన్నారు. నచ్చిన కారు కొనొద్దు, అది కూడా తర్వాతే. నేను వచ్చినప్పుడు పాతికేళ్ళవాణ్ణి, ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని స్పానర్ తిప్పితే నడుము పట్టేస్తోంది. శనివారం పొద్దున ఆ బానెట్ ఎత్తుకుని నిలబడిన గంట తప్ప ఈ దేశంలో నాదనే టైము ఇంకేముంది? 60 రోజుల భయంతోనే బతకాలంటే ఈ దేశం ఎందుకు వచ్చినట్టు?

కామ్రీకాపురం
నీకు లోన్ లేదు, భార్య ఉద్యోగం చేస్తోంది, ఇంట్లో రెండో కారు ఉంది. ఇదే సైట్‌లో నువ్వే రాశావు. ఆ కుర్రాడికి ఉన్నది ఒకటే కారు. నీ శనివారం సరదా వాడికి సోమవారం ఆఫీసు. నీ సంతోషం నాకేం అడ్డు కాదు, వాడి మీద రుద్దకు.

మెకానిక్‌బిల్లుబాధితుడు
కామ్రీ అన్న మొదటి పోస్టులోనే ఇలా చెప్పుంటే నాలుగు పేజీల ఆయిల్ గొడవ తప్పేది. రెండో కారుగా అయితే కొను, ఒకే కారుగా వద్దు. అంతే కదా.

టర్బోతాత
రెండో కారు కొనే స్తోమత వచ్చేసరికి మాన్యువల్ కూపేలు మిగలవు. అయినా సరే, ఒకే కారు అన్నది నేను పట్టించుకోలేదు, అక్కడ బాబాయ్ మాటకి బలం ఉంది. తమ్ముడూ, నీకు చదువు లోన్ ఉందా? ఆఫీసుకి బస్సో రైలో ఉందా?

ఇర్వింగ్‌కుర్రాడు
లోన్ ఇంకా ఏడాది ఉంది అన్నా. డార్ట్ రైలు ఆఫీసు దగ్గరి వరకు వెళ్తుంది, గంటకి పైగా పడుతుంది. ఇంకో సంగతి. రేపు పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలని సెల్లర్‌ని అడిగాను. "మీరొచ్చే ముందే కొంచెం నడిపి వేడి చేసి ఉంచుతాను" అంటున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

టర్బోతాత
వెళ్ళకు. ఫ్యూయల్ పంపు బలహీనంగా ఉంటే చల్లగా ఉన్నప్పుడే స్టార్టరు చాలాసేపు తిరుగుతుంది, వేడి ఇంజిన్‌లో ఆ లక్షణం దాగిపోతుంది. ఇంజెక్టరు కారుతుంటే వచ్చే పెట్రోలు వాసన కూడా మొదటి స్టార్ట్‌లోనే పట్టాలి.

కామ్రీకాపురం
తాత చెప్పినట్టు విను. ఇంకా నమ్మకం కుదరకపోతే స్కానర్ పెట్టి ఎమిషన్ మానిటర్లు (కారు తన పొగని తానే చెక్ చేసుకునేవి) రెడీగా ఉన్నాయో లేదో చూడు. కారు లోపాల కోడ్లు నిన్న చెరిపేసి ఉంటే అవి ఇంకా రెడీ కాలేదని చూపిస్తాయి. డాలస్ కౌంటీలో ఎమిషన్ టెస్టు ఇంకా ఉంది, రేపు రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కునేది నువ్వే.

ఎన్55భక్తుడు
ప్లేనోలో 2011ది ఒకటి ఉంది బ్రో, లింక్ పంపనా?

కామ్రీకాపురం
పంపకు.