'కావాలని' గురించి ఒక సందేహం

మా పై ఇంటావిడ రోజూ పొద్దున్నే బాల్కనీ కడుగుతుంది. ఆ నీళ్లన్నీ మేం ఆరేసుకున్న బట్టల మీద. నిన్న మా పక్కింటి కన్నడ ఆంటీ నాకంటే ముందు కోపం తెచ్చుకుని "బేకంతలే మాడ్తారె" అంది. నా మనసులో మాటా అదే: "కావాలనే చేస్తోంది."

బెంగళూరు మారతహళ్లిలో మూడేళ్లుగా ఉంటున్నా, రెండూ ఒకే అచ్చులో పోసినవని నిన్ననే తట్టింది. అక్కడ బేకు, అంత. ఇక్కడ కావాలి, అని. ఆఫీసులో తమిళ అమ్మాయిని అడిగితే "వేణుమ్నే" అంది, అదీ అంతే. అంటే అవతలి మనిషి "కావాలి" అనుకుందని ఆ మాట మనమే తీసుకెళ్లి ఆమె మనసులో పెడుతున్నాం. పాపం ఆవిడ ఏమీ అనలేదు, బకెట్టు వంచింది, అంతే.

ఇంకోటి. ఈ మాట చెడ్డ పనులకే అతుకుతుంది. "డాక్టర్ కావాలని చదివింది" అంటే ఒట్టి కోరిక. ముందు ఏమీ లేకుండా వస్తే మాత్రం నేరం మోపడమే. "కావాలని నా బ్యాగు మోసింది" అని చూడండి, ఏదో లాభం చూసుకుందనిపిస్తుంది.

2003లో జాషువా నోబ్ అనే అమెరికన్ తత్వవేత్త మన్‌హాటన్‌లోని ఒక పార్కులో 78 మందికి ఒక చిన్న కథ చెప్పాడు. ఒక కంపెనీ ఛైర్మన్ కొత్త పథకం మొదలుపెడతాడు. పర్యావరణం ఏమైనా పర్లేదు, లాభమే ముఖ్యమంటాడు. పర్యావరణం పాడైందని విన్నవాళ్లలో 82 శాతం మంది కావాలనే పాడు చేశాడన్నారు. మిగతావాళ్లకు అదే కథలో బాగుపడిందని చెప్తే, కావాలని బాగు చేశాడన్నది 23 శాతమే. ఛైర్మన్ మనసు రెండుచోట్లా ఒకటే! నోబ్ జనాన్ని అడిగి తేల్చింది మన మాటలో ముందే ఉందేమో.

*

— అక్కా, మా వరంగల్ దిక్కు "కావాల్సుకొని చేసిండు" అంటం. అండ్ల 'అని' లేదు గదా?

— నిజమే తమ్ముడూ. నా వాదన సగం పోయింది. నేరం మోపడం మాత్రం అందులోనూ ఉందిగా?

— మా నాన్నగారు చెస్‌లో మనవడి దగ్గర కావాలని ఓడిపోతారండీ. ఇది చెడ్డ పనా?

— ఉద్దేశం మంచిదేనండీ. కానీ ఓటమి ఎవరూ కోరుకోనిది, అందుకే ఆ మాట అతికింది. "కావాలని గెలిచారు" అని ఎప్పుడైనా అన్నారా?

— మా ఆఫీసులో అందరం "వాంటెడ్‌గా చేశాడు" అంటాం. 'కావాలి'నే ఇంగ్లీషులోకి దించేశాం. అది సరే, పైనావిడ సంగతేంటి?

— పొద్దున వెళ్లి అడిగాను. నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయిందట. ఆంటీకి చెప్తే నమ్మలేదు. ఆ గొట్టాన్ని 'బేకంతలే' బాగుచేయించడం లేదట.