ఇరాన్ అణు ఒప్పందం అమలుకి అమెరికాలో రెండు పార్టీలూ కలిసే నిలబడ్డాయా?

డాలస్_శ్రీను: ఇరాన్ అణు పనులకి హద్దులు, బదులుగా ఆంక్షల సడలింపు అన్న ఒప్పందం వియన్నాలో కుదిరింది 2015 జులైలో. దానికి ముందే, మేలో, కాంగ్రెస్ రివ్యూ ఉండాలన్న బిల్లు సెనేట్‌లో 98–1తో పాసైంది. నడిపింది రిపబ్లికన్ కార్కర్, డెమోక్రాట్ కార్డిన్. వద్దన్నది టామ్ కాటన్ ఒక్కడే. ఇంకేం కావాలండీ?

కాకినాడ_కుర్రోడు: అది ఒప్పందానికి మద్దతు కాదు, మాకు చూపించకుండా చెయ్యొద్దని వేసిన ఓటు. సెప్టెంబర్లో అసలు సంగతి వచ్చేసరికి ఒక్క రిపబ్లికన్ సెనేటరూ ఒప్పందం వైపు నిలబడలేదు, మీరు చెప్పిన కార్డినే తోటి డెమోక్రాట్లు షూమర్, మెనెండెజ్, మాంచిన్‌లతో కలిసి వ్యతిరేకించాడు

డాలస్_శ్రీను: నేనన్నది అమలు గురించి. 2016 డిసెంబర్లో ఇరాన్ మీద ఆంక్షల చట్టం పదేళ్లు పొడిగిస్తే సెనేట్‌లో 99–0. 98–1 అయినా 99–0 అయినా అర్థం ఒకటే

నెల్లూరు_లక్ష్మి: ఆ అంకెలు వదిలేసి ముందుకెళ్లండి ప్లీజ్

కాకినాడ_కుర్రోడు: అమలంటే మీకు ఆంక్షలేనా? యురేనియం 3.67 శాతం దాటి శుద్ధి చెయ్యొద్దన్నారు, నిల్వ 300 కేజీలన్నారు, అరాక్ రియాక్టర్ కోర్ తీయించి కాంక్రీట్ పోయించారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ వాళ్లు వెళ్లి చూసి హద్దుల్లోనే ఉన్నారని రాస్తూనే ఉన్నారు, అయినా 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి బయటికొచ్చేశాడు. నేనప్పుడు దుబాయ్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో డాక్యుమెంట్లు చూసేవాణ్ణి. ఇరాన్ పార్టీల ఎల్‌సీలు (సరుకు డబ్బుకి బ్యాంకు హామీ పత్రాలు) బ్యాంకు తీసుకోనంది, జెబెల్ అలీ పోర్టులో కంటైనర్లకి ఆలస్యపు రుసుము, డెమరేజ్, పడుతూ పోయింది, చివరికి మా సెక్షనే ఎత్తేశారు. మాట తప్పిందెవరు, కడుపు కాలిందెవరికి?

డాలస్_శ్రీను: మీ ఉద్యోగం పోవడం బాధే, దాంతో ఇరాన్ మంచిదైపోదుగా. కొండ కింద ఫోర్దో శుద్ధి కేంద్రం కట్టుకుని 2009 దాకా బయటపెట్టలేదు. యురేనియం శుద్ధిలో 60 శాతం దాకా వెళ్లిందీ వాళ్లే

కాకినాడ_కుర్రోడు: 60 ఎప్పుడు? 2021లో! మీరు తప్పుకున్న మూడేళ్లకి!

డాలస్_శ్రీను: "మీరు" ఏంటండీ, నేను తప్పుకున్నానా? దాచినవాడి మీద నిఘా, తప్పితే శిక్ష ఉండాలి, అందుకే స్నాప్‌బ్యాక్ పెట్టారు, అంటే ఇరాన్ మాట తప్పితే ఐరాస ఆంక్షలు తిరిగి రావడం

కాకినాడ_కుర్రోడు: మరి అమెరికా తప్పితే? ఇరాన్ చేయగలిగింది తన హామీలు ఆపేయడం ఒక్కటే. ఇందాకట్నుంచీ నేనడిగేది అదే

డాలస్_శ్రీను: దానికే ఒప్పందాన్ని ట్రీటీగా సెనేట్‌కి పంపాల్సింది. మూడింట రెండొంతులు వస్తే ఏ ప్రెసిడెంటూ అంత తేలిగ్గా వదిలేయలేడు. ఒబామా పంపలేదు

కాకినాడ_కుర్రోడు: వందమంది సెనేటర్లలో 67 ఓట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? అప్పటి మీ టెక్సాస్ సెనేటర్లు కార్నిన్, క్రూజ్‌లలో ఒక్కడైనా వేసేవాడా? అది చెప్పండి ముందు