టీల్ సీజన్ తొలి వారాంతం: మడి నిండా నీళ్లున్నా బాతులు ఎందుకు దిగలేదు?

కొల్లేటిగట్టు (కేటీ, టెక్సస్) – 2025 సెప్టెంబరు 22

అందరికీ నమస్కారం. నేను వేటకు వెళ్లడం మొదలుపెట్టి ఇది మూడో ఏడాది. ఎల్ క్యాంపో దగ్గర ఒక రైతు ఈ ఏడు వరి వేయకుండా వదిలేసిన 40 ఎకరాల మడిని మేము నలుగురం కలిసి సీజన్ వరకు కౌలుకు తీసుకున్నాము. వేసవిలో ఊద గడ్డి, తుంగ బాగా పెరిగి గింజ రాలింది. ఆగస్టు ఆఖరి వారంలో పంపు పెట్టించి నీళ్లు తోడించడం మొదలుపెట్టాము. సెప్టెంబరు 6న చూడటానికి వెళ్లినప్పుడు నీరు ఇంకా చీలమండ దాటలేదు, అయినా రెండు గుంపులుగా నీలిరెక్కల టీల్ బాతులు సుమారు రెండు వందల దాకా తిరుగుతూ కనిపించాయి. ఆ ఉత్సాహంతో పంపు ఆపకుండా నడిపించాము. ఇప్పుడు నీరు మోకాలి లోతుకు వచ్చి, చూడటానికి చిన్న చెరువులాగే ఉంది.

టీల్ బాతులను మాత్రమే వేటాడనిచ్చే ఈ సీజన్ 20వ తేదీ శనివారం మొదలైంది. ఇంకా చీకటిగా ఉండగానే గట్టు మీద మాటు కట్టుకుని, రెండు డజన్ల ప్లాస్టిక్ దీమాలు (పక్షులను ఆకర్షించే బాతు బొమ్మలు) పరిచి, రెక్కలు తిరిగే మోటారు దీమం ఒకటి కూడా నిలబెట్టాము. సూర్యోదయానికి అరగంట ముందు, చట్టం అనుమతించే వేళకు అన్నీ సిద్ధం. ఎదురుగా వచ్చినవన్నీ ఈల వేసే బాతులే. అవి అచ్చం మా కొల్లేటి చిలువల్లా ఉంటాయి, ఈ సీజనులో వాటిని కొట్టకూడదు. టీల్ బాతులు మాత్రం పైన ఎత్తుగా వెళ్లిపోయాయే కానీ దిగలేదు. రెండు ఉదయాలు కలిపి నలుగురికి మూడంటే మూడు పక్షులు. మనిషికి రోజుకు 6 చొప్పున అనుమతి ఉన్న చోట ఇది లెక్కలోకి వచ్చేది కాదు. పైగా ఆదివారం మహాలయ అమావాస్య కావడంతో ఆ మూడు కూడా ఫ్రీజరులోకే వెళ్లాయి.

రెండు వారాల క్రితం ఉన్న రెండు వందల పక్షులు ఏమయ్యాయి? మొత్తంగానే వాటి సంఖ్య తగ్గిందని, అందుకే ఈసారి సీజన్‌ను 16 రోజుల నుంచి 9 రోజులకు కుదించారని విన్నాను. కారణం అదేనా, లేక మా మడిలోనే ఏదైనా లోపం ఉందా? ఇంకో వారాంతం మాత్రమే మిగిలి ఉంది కాబట్టి అనుభవం ఉన్నవారు సలహా ఇస్తే మేలు చేసినవారవుతారు.

వరిమడి_పెద్దాయన (ఈగిల్ లేక్, టెక్సస్)

మీ ప్రశ్నకు జవాబు చాలావరకు మీ ప్రశ్నలోనే ఉంది. నీరు చీలమండ లోతున ఉన్నప్పుడు రెండు వందల పక్షులు దిగాయి, మోకాలి లోతుకు వచ్చాక ఒక్కటీ దిగలేదు. టీల్ చిన్న బాతు, నాలుగు వందల గ్రాములు తూగితే గొప్ప. అది నీటిలో మునిగి మేత పట్టదు. తోక పైకెత్తి, మెడ చాచి, ముక్కు అందినంత మేరకే అడుగున ఉన్న గింజను, పురుగును ఏరుకుంటుంది. జానెడు దాటిన నీటిలో మీ ఊద గింజ ఎంత రాలి ఉన్నా దానికి అందదు. మీరు ఇరవై రోజులు డీజిలు ఖర్చు పెట్టి కంచానికి మూత పెట్టారు.

రెండో సంగతి, చుట్టుపక్కల ఏమున్నదో చూశారా? మా వైపు ప్రధాన వరి జులై ఆఖరు నుంచి ఆగస్టు లోపల కోసేసి, అదే దుబ్బుకు మళ్లీ నీళ్లు కట్టి రెండో పంట తీస్తారు. చెరకులో మనం కార్శి అంటాము కదా, ఇదీ అలాంటిదే. సెప్టెంబరులో ఆ మళ్లన్నీ పలుచని నీటితో ఉంటాయి. పైరు ఒత్తుగా ఎదిగి మూసుకుపోయిన చోట పక్షికి దిగడానికి ఖాళీ ఉండదు కానీ, ట్రాక్టరు చక్రాల జాడలు, దుబ్బు చచ్చిన ఖాళీ జాగాలు, బురద తేలిన మూలలు దానికి చాలు. మీ గట్టుకు రెండు మైళ్ల లోపల అలాంటి మడి ఒకటి ఉండి, అక్కడ తుపాకీ చప్పుడు లేకపోతే, మీ రెండు వందల పక్షులు అక్కడే ఉండి ఉంటాయి.

నేను వచ్చిన కొత్తలో ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కువ వరి ఉండేది. మీరు ఉంటున్న కేటీ కూడా ఒకప్పుడు వరి పొలాలే, ఇప్పుడు ఇళ్లు వచ్చాయి. కరవు కారణంగా 2012లో కొలరాడో నది దిగువన చాలామంది వరి రైతులకు నీటి విడుదల ఆపేశారు, గార్వుడ్ వైపు మాత్రం పాత హక్కుల వల్ల నీళ్లు పారాయి. ఆ సంవత్సరాలలో బాతులన్నీ ఆ కొద్ది తడి నేల మీదే కుప్పపడ్డాయి. నీళ్లు తక్కువైతే పక్షులు ఒకచోట చేరతాయి, ఎక్కువైతే చెదిరిపోతాయి. వేటగాడికి కనిపించే సంఖ్యను బట్టి ఉన్న సంఖ్యను చెప్పలేమని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటే. తూము పలకలు ఈ రోజే తీయించండి. మడి అంతా తగ్గనవసరం లేదు, మెరకగా ఉన్న మూల ఒకటి బురద తేలితే చాలు. మాటు ఆ మూలకు మార్చండి. దీమాలు కూడా డజనుకు మించకుండా ఆ పలుచని నీటి అంచునే పెట్టండి.

సందేహాలరావు

నీటి లోతు సరే. కానీ చలిగాలి లేకుండా వలస పక్షులు వస్తాయా? ఇంకా ఎండలు మండుతుంటే ఉత్తరం నుంచి అవి ఎందుకు బయలుదేరాలి? నాకు తెలిసిన అమెరికన్ వేటగాళ్లందరూ నిండు వెన్నెల రోజులలోనే టీల్ వస్తాయని చెబుతారు. పౌర్ణమి 7వ తేదీన వెళ్లిపోయింది, సీజన్ అమావాస్యకు పెట్టారు. అసలు తప్పు అక్కడ ఉందని నా అభిప్రాయం.

ఎర్రనది_ఒడ్డు (ఫార్గో, నార్త్ డకోటా)

ఈ పక్షులు పుట్టే చోట ఉంటున్నాను కనుక నాకు కనిపించినది చెబుతాను. మల్లార్డ్ లాంటి పెద్ద బాతులు గడ్డకట్టే చలి తరిమేదాకా ఇక్కడే ఉంటాయి. నీలిరెక్కల టీల్ అలా కాదు, దాన్ని కదిలించేది ప్రధానంగా పగటి పొడవు. ఆగస్టులో పగలు తగ్గుతూ ఉండగానే, మాకు ఇంకా ఉక్కపోతగా ఉన్నప్పుడే ఇవి గుంపులు కడతాయి. మెక్సికో, మధ్య అమెరికా దాటి కొలంబియా, వెనిజులా దాకా వెళ్లవలసిన పక్షి కాబట్టి తొందర ఉండటం సహజమే. ఉత్తరపు గాలి వీచిన రాత్రి ఎక్కువగా కదులుతాయన్నది నిజమే, కానీ గాలి లేకపోతే వలసే లేదనుకోవడం పొరపాటు. వెన్నెల సంగతి నేను కాదనను, అవుననను. మీ కొల్లేటిగట్టు గారు 6వ తేదీన పక్షులను చూడటం, మర్నాడే పౌర్ణమి కావడం ఆ నమ్మకానికి అనుకూలంగానే ఉన్నాయి. అయితే ఒక్క మడి, ఒక్క రోజు చూసి తీర్పు చెప్పలేము.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం వేరు. టీల్ అన్నీ ఒకేసారి రావు. ఆడపక్షి గుడ్లు పొదుగుతుండగానే మగపక్షి దాన్ని వదిలి పెద్ద మడుగులకు చేరి ఈకలు రాల్చుకుంటుంది. సంసార బాధ్యత తీరినందున ముందు బయలుదేరేది అదే. పిల్లలను సాకిన తల్లులు, ఆ ఏటి పిల్లలు వెనుక వస్తాయి. అంటే మీరు సెప్టెంబరు మొదటి వారంలో చూసినవి చాలావరకు ముదురు మగపక్షులు అయి ఉండవచ్చు. అవి రెండు వారాలు ఆగి మీ కోసం ఎదురుచూడవు. మీ 9 రోజులు ఆ మగపక్షులు వెళ్లిపోయి, పిల్లపక్షులు ఇంకా రాని సందులో పడి ఉంటే మడి ఎంత బాగున్నా ఖాళీగానే ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. సెప్టెంబరులో ఆడా మగా ఒకే గోధుమ రంగులో ఉంటాయి, వసంతంలో మగపక్షి ముఖం మీద ఉండే తెల్లని నెలవంక అప్పుడు కనిపించదు. కాబట్టి రెక్క విప్పి చూడాలి. లేతనీలి భుజానికి, మెరిసే ఆకుపచ్చ పట్టీకి మధ్య ఒక తెల్లని గీత ఉంటుంది. అది మచ్చ లేకుండా స్వచ్ఛంగా ఉంటే ముదురు మగపక్షి. తెలుపులో నల్లని చుక్కలు ఉంటే ఆ ఏటి మగపిల్ల. తెలుపు కొద్దిగానే ఉండి గీత నల్లగా తెగిపోయినట్టుంటే ఆడది. ఫెడరల్ వన్యప్రాణి శాఖవారు ఏటా కొందరు వేటగాళ్ల నుంచి రెక్కలు తెప్పించుకుని పరిశీలించేది కూడా ఇందుకే. మీ ఫ్రీజరులో ఉన్న మూడింటి రెక్కలు చూసి చెప్పండి.

అట్చఫలాయ (లఫాయెట్, లూసియానా)

9 రోజుల సంగతిలో ఒక అపోహ కనిపిస్తోంది. ఈ ఏడు పక్షులు తగ్గినందువల్ల ఈ ఏడు సీజన్ తగ్గించలేదు. మే నెలలో విమానాల నుంచి లెక్కపెట్టే సర్వే 1955 నుంచి నడుస్తోంది, నియమాలు ముందుగా ఖరారు చేయవలసి ఉన్నందున ఒక ఏడాది లెక్క తర్వాతి ఏడాది సీజన్‌ను నిర్ణయిస్తుంది. నీలిరెక్కల టీల్ 47 లక్షలకు పైన ఉంటే 16 రోజులు, 33 లక్షలకూ 47 లక్షలకూ మధ్య ఉంటే 9 రోజులు, అంతకన్నా తగ్గితే సీజనే ఉండదు. 2023లో 52 లక్షలకు పైగా తేలిన లెక్క 2024లో సుమారు 46 లక్షలకు దిగింది. గీతకు కొద్దిగా కిందకు వచ్చిందంతే. 46 లక్షల పక్షులు తక్కువేమీ కావు, మీ మడికి రెండు వందలు రాకపోవడానికి అది కారణం కాలేదు.

అయితే ఆ లెక్క పూర్తి కథ చెప్పదని కూడా గమనించాలి. మేలో లెక్కించేది గూడు కట్టడానికి వచ్చిన పెద్ద పక్షులను. ఆ వేసవిలో ఎన్ని పిల్లలు బతికాయన్నది డకోటాలు, సస్కచెవాన్, మానిటోబా మైదానాల్లోని చిన్న చిన్న గుంటల్లో నీరు ఎంతకాలం నిలిచిందన్న దాని మీద ఆధారపడుతుంది. మన దీమాలను నమ్మి దిగేవి ఆ అమాయకపు పిల్లలే. అవి తక్కువైన ఏడు మొత్తం సంఖ్య బాగానే ఉన్నా వేట పలుచగానే ఉంటుంది, ఎందుకంటే మిగిలినవన్నీ ఒకసారి మోసపోయి బతికిన ముసలివే.

మా రాష్ట్ర వన్యప్రాణి శాఖ సెప్టెంబరులో, సీజన్‌కు ముందు, తీరం పొడవునా విమానంలో టీల్ లెక్క తీస్తుంది. మీరు టెక్సస్‌లో ఉన్నా దాన్ని చదవండి, పక్షులు ఏ నీటి మీద ఉన్నాయో వివరంగా రాస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయం వారి బర్డ్‌కాస్ట్ వెబ్‌సైటులో మీ కౌంటీ మీదుగా రాత్రి ఎన్ని పక్షులు ఎగిరాయో వాతావరణ రాడార్ల ఆధారంగా చూపిస్తారు. అందులో బాతేదో పిచుకేదో తెలియదు కానీ, పెద్ద కదలిక ఉన్న రాత్రి మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

కొల్లేటిగట్టు – సెప్టెంబరు 28

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు చెప్పినట్టు సోమవారమే తూము పలకలు తీయించాము. శుక్రవారానికి ఈశాన్య మూల బురద తేలి, దాని చుట్టూ నాలుగు వేళ్ల లోతు నీరు మిగిలింది. నిన్న ఉదయం మాటు అక్కడికి మార్చి, దీమాలు పది మాత్రమే పెట్టాము. తొలి వెలుతురులో పన్నెండు పక్షుల గుంపు ఒకటి తిరుగుడు కూడా లేకుండా నేరుగా ఆ బురద అంచున దిగింది. తర్వాత ఇంకో మూడు చిన్న గుంపులు వచ్చాయి. నలుగురికి తొమ్మిది పక్షులు. ఒక మిత్రుడు టీల్ కాని, వెడల్పు ముక్కున్న షోవెలర్ బాతును చూసి తుపాకీ ఎత్తాడు కానీ, అదృష్టవశాత్తు సమయానికి ఆపగలిగాము. దాని భుజం కూడా నీలమే కాబట్టి మసక వెలుతురులో ముక్కు కనిపించేదాకా ఆగాలని మాకు మేమే నియమం పెట్టుకున్నాము.

ఫార్గో మిత్రులు అడిగిన రెక్కల సంగతి. మొదటి వారాంతపు మూడింటిలో రెండింటికి తెల్లని గీతలో చుక్కలు ఉన్నాయి, ఒకటి ఆడది. నిన్నటి తొమ్మిదిలో స్వచ్ఛమైన తెలుపు ఉన్నది ఒక్కటే. అంటే ముదురు మగపక్షులు నిజంగానే వెళ్లిపోయినట్టున్నాయి. ఇక నిన్నటి పక్షులు నీరు తగ్గినందువల్ల దిగాయా, లేక వెనుక రావలసిన పిల్లలు సరిగ్గా ఈ వారమే వచ్చాయా అన్నది నాకు తేలలేదు. రెండు పనులూ ఒకే వారంలో జరిగాయి.

మా ఊళ్లో చలికాలంలో కొల్లేటికి పరజలు వచ్చినప్పుడు, నీళ్లు తీసిన చెరువు అడుగునే అవి మూగేవి, నిండిన చెరువు వైపు తిరిగి చూసేవి కావు. అది చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగి కూడా ఇక్కడికి వచ్చి పంపు ఆపకుండా నడిపించాను.

ఎర్రనది_ఒడ్డు

వచ్చే ఏడాది మడిని రెండుగా విడగొట్టి, ఒక సగం చీలమండ లోతున, ఒక సగం మోకాలి లోతున ఉంచితే మీ సందేహం తీరుతుంది. మధ్యలో చిన్న గట్టు వేయడానికి రైతు ఒప్పుకోవాలి.

వరిమడి_పెద్దాయన

గట్టు వేస్తే రైతుకే లాభం, వచ్చే ఏడు వరి వేసినా నీరు సమంగా నిలుస్తుంది, ఒప్పుకుంటాడు. పలకలు మాత్రం ఇప్పుడే మళ్లీ బిగించవద్దు. అక్టోబరు ఆఖరు దాకా ఆగి, నవంబరులో పెద్ద సీజన్‌కు ముందు నింపండి. అప్పుడు వచ్చే పింటెయిల్ బాతుకు మెడ పొడుగు, మీ లోతు దానికి కొంత అందుతుంది.