అప్‌డేట్: ఎముక లోలాకుల మీద ఇంకు పాకడం ఆగింది

స్క్రిమ్‌షా పద్ధతిలో (అంటే సూదితో గీసి, ఆ గీతల్లో ఇంకు నింపడం) ఎముక లోలాకుల మీద ఓడ బొమ్మ చెక్కుతుంటే ఇంకు గీత దాటి పాకిపోతోందని పోయిన నెల అడిగాను కదండీ. సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇప్పుడు చక్కగా వస్తోంది.

తప్పు ఇంకుది కాదు, నా తొందరది. పశువుల ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, సరిగా నునుపు చేయకుండా గీస్తే ఇంకు వాటిలోకి పాకిపోతుంది. భూతద్దం పెడితే నల్లచుక్కల్లా కనిపించాయి. ఈసారి 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 2000 దాకా, తడుపుతూ రుద్దాను. వేలు పెడితే జారిపోయేంత నునుపయ్యాక తేనెమైనం పట్టించి, దాని మీదే సూదితో గీశాను. ఇంకు పూసి వెంటనే తుడిచేస్తే గీతల్లో మాత్రమే నిలిచింది. తెరచాప తాళ్లు వెంట్రుకంత సన్నగా పడ్డాయి! అది చూసి ఎంత సంతోషమేసిందో.

19వ శతాబ్దంలో అమెరికా తిమింగలాల వేట ఓడల నావికులు స్పెర్మ్ తిమింగలం పళ్ల మీద తెరచాపలు కుట్టే సూదులతో ఇలాగే గీసి, దీపపు మసి రుద్దేవారు. దాదాపు మన కాటుకే! రెండో జతకు అదే వాడబోతున్నాను.

తిమింగలం పన్ను కొనొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ. సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాల మధ్య కుదిరిన) ఒప్పందం ప్రకారం వాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఎముక దొరక్కపోతే టాగువా అనే తాటిజాతి చెట్టు గింజ తీసుకోండి, దంతంలాగే తెల్లగా గట్టిగా ఉంటుంది. ఎముక రుద్దేటప్పుడు మాస్కు మాత్రం తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.