వేషం దిద్దుకునే గంటలు ఆటలో భాగమా, ఆటకు అడ్డమా?

అలిపిరి మొదటిమెట్టు:

తిరుపతి, చిత్తూరు, వాటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదివారం రాత్రుల్లో కలిసి గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట ఆడే మన బృందంలో కొంతకాలంగా లోలోపల నలుగుతున్న విషయాన్ని అందరి ముందు పెడుతున్నాను. ఎనిమిది గంటలకు మొదలు కావలసిన ఆట తొమ్మిది దాటినా మొదలు కావడం లేదు. ఇందుకు కరెంటునో నెట్ వేగాన్నో తప్పుపట్టడానికి వీల్లేదు. ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ పాత్రల దుస్తులకు రంగులు మార్చి మార్చి చూసుకుంటూ ఉంటారు, మిగిలినవారు వారి కోసం కాచుకుని ఉంటారు. ఫ్రాక్టల్ అనేది ఐదుగురి కోసం రూపొందించిన పోరాటం కాబట్టి, ముగ్గురితో బయలుదేరితే దెబ్బతిని వెనక్కి రావడమే మిగులుతుంది.

ఈ ఆటలో దుస్తుల రూపానికీ బలానికీ సంబంధం లేదు. బలాన్నిచ్చే కవచం ఒకటి, పైకి కనిపించే రూపం మరొకటి. 2014లో వార్డ్‌రోబ్ పద్ధతి వచ్చినప్పటి నుంచి ఒకసారి సంపాదించుకున్న రూపం మన ఖాతాలో అలాగే ఉండిపోతుంది. ఎర్రరంగు వేసినా నల్లరంగు వేసినా శత్రువుకు తగిలే దెబ్బలో తేడా రాదు. అలాంటప్పుడు ఆ సమయాన్ని ఆడిన సమయంగా ఎలా లెక్కిస్తాం? మన బృందపు పట్టికలో ‘ఆడిన గంటలు’ అని ఒక వరుస ఉంది, దాన్ని బట్టే నాయకత్వం వంతులు నిర్ణయిస్తున్నాం. వేషం దిద్దుకున్న గంటలను అందులో కలపకూడదని నా ప్రతిపాదన. దుస్తుల మీద ఎవరికీ మోజు ఉండకూడదని నేను అనడం లేదు, ఇతరుల ఆదివారాన్ని దానికి ఖర్చు పెట్టకూడదని మాత్రమే అంటున్నాను.

తాతయ్యగుంట వీధి:

అలిపిరి గారి ప్రశ్నలో రెండు విషయాలు కలగాపులగమయ్యాయి. నలుగురిని కాచుకోబెట్టడం మర్యాద కాదు, ఆ మేరకు వారితో నాకు పేచీ లేదు. అక్కడితో ఆగకుండా వేషం దిద్దుకోవడం అసలు ఆటే కాదనడం మాత్రం నేను ఒప్పుకోలేని సంగతి.

ముందు ఆ పని ఎంత ఉంటుందో చూడండి. తల, భుజాలు, ఛాతీ, చేతులు, కాళ్లు, పాదాలు అని కవచంలో ఆరు భాగాలుంటాయి. ఒక్కొక్క భాగంలో నాలుగు వరకు రంగు వేయగల చోట్లు ఉంటాయి. పైగా ఒకే రంగు అన్నింటి మీదా ఒకేలా పలకదు. గుడ్డ మీద మెత్తగా కనిపించిన గోధుమరంగు తోలు మీద మసకబారుతుంది, లోహం మీదకు వచ్చేసరికి మెరిసిపోయి ఇది అదేనా అనిపిస్తుంది. ఛాతీ కవచం లోహంతోనూ చేతి తొడుగు తోలుతోనూ చేసినదైతే, ఆ రెండూ ఒక జోడుగా కనిపించడానికి వాటికి వేర్వేరు రంగులు వేయవలసి వస్తుంది. ఎండలో కుదిరింది గుహలో కుదరకపోవచ్చు. ఇదంతా పావుగంటలో తేలేది కాదు. దీన్ని కాలయాపన అనే ముందు ఒక్కసారి చేసి చూడమని మనవి.

ఈ పని నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2011 చివరన ట్రాన్స్‌మాగ్ (ఒక కవచం బలం ఉంచుకుని పైకి మరొకదాని రూపం తొడిగే వీలు) వచ్చేదాకా, బలమైన కవచం ఎంత వికారంగా ఉన్నా దాన్నే తొడుక్కుని తిరగవలసి వచ్చేది. ఊదారంగు టోపీ, పచ్చ చొక్కా, ఇటుకరంగు చెప్పులతో వీరుడు యుద్ధానికి బయలుదేరేవాడు. 2004లోనే వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్ వేరే దారి పట్టింది. అందులో మొదటి నుంచీ దుస్తులకూ బలానికీ ముడి లేకపోవడం వల్ల, మొదటి దెబ్బ కొట్టకముందే గంటల తరబడి దుస్తుల గదిలో ఉండిపోయినవారు ఎందరో ఉన్నారు. విడుదలైనప్పుడు అందులో కేప్‌లు, అంటే వీరులు వీపున వేలాడదీసుకునే వస్త్రాలు, లేవు. అదే ఏడాది తర్వాతి విడతలో వచ్చినప్పుడు కూడా, ఇరవయ్యో స్థాయికి చేరి ఒక పని పూర్తి చేస్తేగానీ వాటిని భుజాన వేసుకోనిచ్చేవారు కాదు. అక్కడ వేషమే బహుమానమైంది. 2012 నవంబరు 30న ఆ ఆట సర్వర్లు మూసేశారు. తర్వాత అభిమానులు తయారు చేసుకున్న ఒక చిన్న ప్రోగ్రాంలో యుద్ధం లేదు, శత్రువు లేడు, దుస్తుల గదీ తిరగడానికి ఖాళీ నగరమూ మాత్రం ఉండేవి. అందులో కూర్చుని కొత్త వేషం కట్టిన మనిషి ఆట ఆడినట్టా, ఆడనట్టా? అలిపిరి గారు దీనికి సమాధానం చెప్పాలి.

మన ఊరివారికి ఇది నేను చెప్పవలసినది కాదు. మే నెలలో జరిగే గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకొక వేషం వేస్తారు. దాక్కున్న పాళెగాణ్ని వెతుకుతూ అమ్మవారు మారువేషాల్లో తిరిగిందన్నది ఆ జాతరకు మూలమైన కథ. ఆ కథలో వేషం వేటకు ముందు చేసుకునే ముస్తాబు కాదు, వేట జరిగిందే వేషంలో. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు ముడుచుకుని మాతంగి వేషంలో వీధిలోకి వస్తే, ఆ ముస్తాబుకు పట్టిన సమయాన్ని జాతరలోంచి ఎవరైనా తీసివేస్తారా?

చిత్తూరు మామిడితోట:

తాతయ్యగుంట గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, జాతర పోలిక ఇక్కడ పొసగదు. బైరాగి వేషానికి తెల్లని సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు అని ఆచారమే నిర్ణయించి పెట్టింది. కుంకుమలో ఏ ఛాయ నప్పుతుందా అని అక్కడ ఎవరూ తర్జనభర్జన పడరు. అది మొక్కు. మన ఆటలో జరుగుతున్నది ఎంపిక, అదీ అంతు లేని ఎంపిక. ఆ రెండింటినీ ఒక గాటన కట్టడం జాతరకూ న్యాయం కాదు, ఆటకూ న్యాయం కాదు.

నా అసలు అభ్యంతరం మరొకటి. ఇక్కడ మీరందరూ పీసీ ఆటల సంగతి మాట్లాడుతున్నారు. మా ఊళ్లో కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది ఆడేది ఫోన్ల మీద, అందులోనూ బీజీఎంఐ వంటి తుపాకుల ఆటలు. వాటిలో దిద్దుకోవడానికి మిగిలినది చాలా తక్కువ. తయారైన సూటు క్రేటులో వస్తుంది, ఏది వస్తుందో తెరిచేదాకా తెలియదు. కావలసినది వచ్చేదాకా తెరుస్తూ పోవాలి, తెరిచిన ప్రతిసారీ డబ్బు చెల్లించాలి. డబ్బు పోసి తెరిచే ఇటువంటి అదృష్టపు పెట్టెలను 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం జూదం కిందే లెక్కగట్టింది. మా అక్క కొడుకు ఒక ఫోన్ ఆటలో (ఏ ఆటో ఇక్కడ అనవసరం) నిప్పురంగు కోటు కోసం తండ్రి యూపీఐ పిన్ను కనిపెట్టాడు. ఆ కోటు చివరికి వచ్చింది. వాడు దానిలో దిద్దినది ఏమీ లేదు. అయినా పోరు మొదలయ్యేముందు ఆగే లాబీలో దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంటూ గడిపిన సమయం తక్కువేమీ కాదు.

ఆటను ఉచితంగా ఇచ్చి దుస్తులను అమ్మే కంపెనీకి ఆటగాడు ఎక్కడ ఎక్కువసేపు నిలబడితే లాభమో మీరే ఆలోచించండి. ఫోర్ట్‌నైట్‌లో దుస్తులతో ఏ బలమూ రాదు, అయినా అవి అమ్ముడవుతూనే ఉన్నాయి. అందువల్ల వేషానికి పట్టిన గంటలను మనం గొప్పగా పట్టికలోకి ఎక్కించడమంటే, కొట్టులో తిరిగిన గంటలను కూడా ఎక్కించడమే అవుతుందని నా భయం.

గాజులమండ్యం సాయంత్రం:

మామిడితోట అన్నగారు చెప్పిన ఫోన్ ఆటల సంగతి నిజమే, నేనూ అక్కడి నుంచే వచ్చాను. కానీ కొట్టులో తిరగడాన్నీ, తయారు చేయడాన్నీ వారు ఒకే గంపలో వేసేశారు. ఆడేవాళ్లే ఆటలూ దుస్తులూ తయారు చేసుకోగల రోబ్లాక్స్‌లో నేను చొక్కాలు, ప్యాంట్లు గీస్తాను. అది ఎలా ఉంటుందో చెబితే తేడా తెలుస్తుంది.

పాత పద్ధతి చొక్కాకు 585 × 559 పిక్సెళ్ల బొమ్మ ఒకటి ఇస్తారు. అందులో ఛాతీకి ముందు 128 × 128 చదరం, వెనుక అంతే, పక్కలకు 64 పిక్సెళ్ల వెడల్పు, చేతులకు విడిగా పట్టీలు ఉంటాయి. పెట్టెను విప్పి పరిచినట్టుండే ఆ కాగితం మీద బొమ్మ గీస్తే, ఆట దాన్ని మడిచి పాత్రకు తొడుగుతుంది. మా అమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీరను దానిమీద గీయాలని నేను పూనుకున్నాను. ముందువైపు ఏటవాలుగా గీసిన పైట పక్కభాగంలో ఒక్క పిక్సెల్ పైకో కిందికో జరిగినా, మడతపెట్టాక జరీ అంచు చంకదగ్గర తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఎడమ భుజం మీదుగా పైట వెనక్కి పోవాలంటే ఛాతీ పైభాగపు పట్టీ మీద కూడా అదే అంచు, అదే వంపుతో కలవాలి. అది సర్దుకున్నాక అసలు చిక్కు నడుము కింద మొదలైంది. పాత పద్ధతి ప్యాంటులో బొమ్మ ఒక్కొక్క కాలికి విడిగా చుట్టుకుంటుంది. నిలబడి ఉన్నంతసేపు కుచ్చిళ్లు బాగానే ఉంటాయి, అడుగు వేయగానే చీర రెండు గొట్టాలుగా చీలి పైజామా అయిపోతుంది. కుచ్చిళ్ల నీడను రెండు కాళ్ల లోపలివైపులా ముదురుగా గీసి ఆ చీలిక కొంతవరకు కనబడకుండా చేశాను, పూర్తిగా పోలేదు. తర్వాత వచ్చిన లేయర్డ్ క్లాతింగ్‌లో దుస్తులను త్రీడీలో తయారు చేసి ఒంటి మీద పొరలుగా తొడగవచ్చు. కాని దానికి త్రీడీ మోడలింగ్ నేర్చుకోవాలి, నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఇందులో కొనడం ఎక్కడుంది? నేను ఆ చీర గీస్తున్నంతసేపూ ఆటలోని మిగతా వాటికన్నా ఎక్కువ బుర్ర పెట్టాను. ఆ గంటలు ఏ పట్టికలోనూ లేకపోయినా నాకు ఇబ్బంది లేదు. అవి కాలక్షేపం కిందికి వస్తాయంటే మాత్రం ఒప్పుకోను.

చర్చ నిర్వహణ:

డబ్బు పందేల ఆటల మీద 2025లో వచ్చిన కేంద్ర చట్టం గురించిన వ్యాఖ్యలను వేరే చర్చకు తరలించాను. దయచేసి విషయం మీదే ఉండండి.

తాతయ్యగుంట వీధి:

గాజులమండ్యం తమ్ముడు చెప్పినదానికి నేను కలపవలసింది పెద్దగా లేదు. జాతర మీద మామిడితోట గారి మాట సగం ఒప్పుకుంటాను. సుద్ద, కుంకుమ ఆచారమే. మాతంగి వేషానికి ఏ చీర, ఏ నగ, ఏ పూలు అన్నది మాత్రం ఆ ఇంటివాళ్ల ఇష్టమే, ఇంటి ఆడవాళ్లంతా చుట్టూ చేరి సవరిస్తారు కూడా.

రూపం ఆటను మార్చదన్న అలిపిరి గారి మాటకు మరొకటి చెప్పాలి. నిక్ యీ, జెరెమీ బైలెన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొడవైన పాత్ర ఇచ్చినవారు డబ్బు పంపకం బేరంలో పొట్టి పాత్ర ఇచ్చినవారికన్నా గట్టిగా నిలబడ్డారు. తెర మీద తాము ఎలా కనిపిస్తున్నామన్నది వారి నడతను మార్చింది. దెబ్బ బలం మారకపోవచ్చు, దెబ్బ కొట్టే మనిషి తీరు మారుతుంది.

చిత్తూరు మామిడితోట:

ఆ ప్రయోగాల్లో చూసింది ఎత్తునూ ముఖ అందాన్నీ, కోటు రంగును కాదు. పైగా ఆ పాత్రలను పరిశోధకులే ఇచ్చారు, ఆడినవారు గంటలు కూర్చుని దిద్దుకున్నవి కావు. దాన్నుంచి మన రంగుల గంటలకు సమర్థన లాగడం అతి అవుతుంది. తమ్ముడి చీర సంగతి వేరు. గీసిన గంటలకూ కొన్న గంటలకూ తేడా ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే పట్టికలో ఆ తేడాను ఎవరు తేలుస్తారు? రంగులు కలుపుతున్నాడో, ఆటలోనే దుస్తులు అమ్మే కొట్టైన జెమ్ స్టోర్‌లో తిరుగుతున్నాడో బయటివాళ్లకు ఒకేలా కనిపిస్తుంది.

అలిపిరి మొదటిమెట్టు:

తేల్చలేమనే నేనూ అంటున్నాను. తాతయ్యగుంట గారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది: ఖాళీ నగరంలో ఒంటరిగా వేషం కట్టిన మనిషి ఆట ఆడినట్టే, ఎందుకంటే అతని కోసం ఎవరూ కాచుకుని లేరు. మన ఆట ఐదుగురిది. ఆదివారం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా వేషాలకు వదిలేద్దాం, కావలసినవారు ముందే రావచ్చు. ఎనిమిది కొట్టగానే ఎవరి రంగు ఎక్కడ ఆగితే అక్కడితో బయలుదేరుదాం. పట్టికలో మాత్రం ఎనిమిది తర్వాతి సమయమే ఎక్కాలి.

గాజులమండ్యం సాయంత్రం:

ఏడున్నర నాకు సమ్మతమే, ట్యూషను ఏడింటికి అయిపోతుంది. పట్టిక విషయంలో ఒక చిన్న మినహాయింపు అడుగుతున్నాను. నిలబడి ఉన్నప్పుడు కుదిరిన దుస్తులు పరుగులోనూ దూకడంలోనూ ఎలా ఉంటాయో దుస్తుల కిటికీలో తెలియదు, నలుగురి మధ్య ఆడితేనే తెలుస్తుంది. కొత్త వేషం వేసిన వారానికి మొదటి ఫ్రాక్టల్ కాస్త తేలికైనది ఎంచుకుంటే, ఆ పరీక్ష ఎనిమిది తర్వాత ఆటలోనే జరిగిపోతుంది, ఎవరూ కాచుకోవలసిన పని ఉండదు. ఇది కుదురుతుందేమో అలిపిరి అన్నగారు, తాతయ్యగుంట అక్కగారు ఆదివారానికి ముందే చెబితే బాగుంటుంది. ఈ వారం నావి కొత్త రంగులు.