చుక్కల వెలుగుకి తెలుగులో మాట ఉందా?

అందరికీ నమస్కారం. ఒక ఫోటోకి పేరు పెట్టలేక రెండు వారాలుగా అవస్థ పడుతున్నాను. మీ సాయం కావాలి.

అమావాస్య మర్నాడు ఎడారిలో అర్ధరాత్రి దాటాక తీసిన ఫోటో అది. ముందు ఇసుక తిన్నె, దాని అంచున ఆకు ఒక్కటీ లేని ఎండిన చెట్టు, వెనక నిలువునా లేచిన పాలపుంత. చంద్రుడు లేడు. కనుచూపు మేరలో దీపం లేదు. నేను టార్చి వేయలేదు. ఆకాశానికి 20 సెకన్లు, నేలకి విడిగా నాలుగు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచి, రెండూ కలిపాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, గాలి ఇసుక మీద గీసిన అలలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి.

ఆ ఇసుక మీద పడ్డ వెలుగుని ఏమనాలి? సూర్యుడిదైతే ఎండ. చంద్రుడిదైతే వెన్నెల. ఎంత చిన్న, ఎంత నిండు మాటలు! మరి చుక్కలదైతే? ‘నక్షత్రకాంతి’ అని రాసి చూశాను. పాఠ్యపుస్తకంలో బొమ్మ కింద వాక్యంలా ఉంది.

—

జవాబు:

‘తారాకాంతి’ బాగుంటుందేమో?

—

జవాబు:

తారాకాంతి కూడా అదే బరువు కదండీ. నా ఓటు ‘చుక్కల వెన్నెల’కి. వినగానే అర్థమవుతుంది, నోరు తిరుగుతుంది.

—

జవాబు:

వినసొంపుగా ఉంది కానీ నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. వెన్నెలలో ‘నెల’ ఉంది. నెల అంటే చంద్రుడే. నెలరాజు, నెలవంక, నెలబాలుడు అన్నింటిలోనూ ఉన్నది ఆ నెలే. చంద్రుడి లెక్కన నడిచే కాలం కాబట్టే ముప్పై రోజులకీ ఆ పేరు వచ్చింది. వెలి అంటే తెల్లని. వెలిదామర, వెలిగొడుగు అంటాం చూడండి, అదే వెలి. వెలి, నెల కలిసి వెన్నెల. తమిళంలో వెణ్ణిలా కూడా ఇలాగే పుట్టింది. కాబట్టి చంద్రుడు లేని రాత్రిని, అదీ లేడని మీరు అంత గట్టిగా చెబుతున్న రాత్రిని, వెన్నెల అనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంకో సంగతి. మన మాటల్లో చుక్కలు ఏమేం చేస్తాయో ఒకసారి చూడండి. పొడుస్తాయి, మెరుస్తాయి, మిణుకుమంటాయి, రాలుతాయి. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది, చుక్కలు మాత్రం కాయవు. అంటే మన భాషకి చుక్కలు చూడ్డానికి ఉన్నవే తప్ప, వాటి వెలుగులో ఇంకొకటి చూడొచ్చన్న ఊహ ఉన్నట్టు లేదు. మాట లేకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

—

జవాబు:

నేనూ రాత్రిపూట ఫోటోలు తీస్తాను, అందుకని వెలుగు సంగతి నేను చెబుతాను.

పున్నమి వెలుగు నేల మీద సుమారు 0.1 నుంచి 0.3 లక్స్ ఉంటుంది (ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత లక్స్). చంద్రుడు లేని నిర్మలమైన ఆకాశం కింద సుమారు 0.001 లక్స్. వంద రెట్లకు పైగా తేడా. ఈ కాస్తలో కూడా చాలా భాగం చుక్కలది కాదు. నేల నుంచి దాదాపు 90, 100 కిలోమీటర్ల ఎత్తున గాలిలోని ఆక్సిజన్ పరమాణువులు సన్నగా ఆకుపచ్చగా వెలుగుతుంటాయి. గ్రహాల మధ్య తేలే ధూళి మీద పడి చెదిరిన సూర్యకాంతి ఇంకాస్త. కచ్చితంగా మాట్లాడాలంటే ‘చుక్కల వెలుగు’ అన్నా పూర్తి నిజం కాదు.

అలాగని చుక్కల వెలుగు ఉత్త ఊహ కాదు. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ అనే ఆయన 2001లో తొమ్మిది తరగతుల కొలత ఒకటి రాశారు. అందులో మొదటి తరగతి, అంటే అన్నిటికన్నా చీకటైన చోటు, ఎలాంటిదో తెలుసా? ధనుస్సు, వృశ్చికం వైపు ఉన్న పాలపుంత వల్ల నేల మీద మసక నీడ పడేంత చీకటి. శుక్రుడి వెలుగుకైతే ఇంకా స్పష్టమైన నీడే పడుతుంది. చీకటి అంత గట్టిగా ఉంటే తప్ప ఆ వెలుగు బయటపడదు. అటకామా, నమీబ్ ఎడారులకి జనం కెమెరాలు మోసుకెళ్ళేది అందుకే. నమీబ్ అంచున ఉన్న నమీబ్‌రాండ్ అనే అభయారణ్యాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. చీకటిని కాపాడుకోవడానికి ఒక సరిహద్దు గీసుకున్నారన్న మాట నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

అందుకని నేనైతే ‘చుక్కల చీకటి’ అంటాను. వెలుగు పేరుతో కాక చీకటి పేరుతో పిలుద్దాం. కటికచీకటి, చిమ్మచీకటి, మసకచీకటి, మునిచీకటి అని చీకటికి మనకి ఎన్ని పేర్లో! ఆ వరసలో ఇదొకటి.

—

పోస్టు పెట్టిన వ్యక్తి:

‘చుక్కల చీకటి’ నాకు చాలా నచ్చింది, నిజంగా. ఆ రాత్రి నేను నిలబడింది అందులోనే. మొదటి పది నిమిషాలు నా చెయ్యి నాకే కనపడలేదు. అరగంటకి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తిన్నె అంచు తెలిసింది, తర్వాత చెట్టు. అంతా బూడిద రంగు. ఆ వెలుగులో మన కంటికి రంగు తెలియదు. కెమెరాలో మాత్రం ఇసుక నారింజ రంగులో వచ్చింది. చూసినప్పుడు లేని రంగు ఫోటోలో ఉంటే అది అబద్ధమా అని నన్ను కొందరు అడుగుతారు. ఇసుక ఆ రాత్రి కూడా నారింజ రంగులోనే ఉంది, నా కంటికే అందలేదు. వెన్నెల్లో తీసిన ఫోటోలు కూడా ఇంతే. ఎక్కువసేపు షట్టర్ తెరిస్తే పట్టపగలు తీసినట్టు వస్తాయి, పైన చుక్కలుంటే తప్ప తేడా పోల్చలేం. వెన్నెలకి ‘తెల్లని’ అని పేరు పెట్టింది మనిషి కన్ను.

చుక్క అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. నీటి బొట్టు చుక్క, కాగితం మీద సిరా చుక్క, ఆకాశంలోదీ చుక్కే. మూడూ ఒకే మాట కావడం నాకు ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. ఈ పని మొదలుపెట్టాక రాత్రంతా నా టెన్షన్ దానితోనే: చుక్క చుక్కలాగే ఉండాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిస్తే చుక్క సాగి గీత అవుతుంది. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవొచ్చో తెలుస్తుందని ఒక పాత లెక్క ఉంది. 20 మిల్లీమీటర్ల లెన్స్‌కి 25 సెకన్లు. ఇప్పటి కెమెరాలకి అది ఎక్కువే, అందుకే నేను 20 దగ్గర ఆపాను. ఫోకస్ కూడా అంతే. ఒక పెద్ద చుక్కని తెర మీద పెద్దది చేసుకుని, అది వీలైనంత చిన్నదయ్యే దాకా చేత్తో తిప్పుతాం. చిన్నదైతేనే సరిగ్గా ఉన్నట్టు.

ఇంత చేసినా మొదటి ఫోటోలో చుక్కలన్నీ బియ్యపు గింజల్లా సాగి వచ్చాయి. లెక్క తప్పలేదు. ట్రైపాడ్ కాలొకటి ఇసుకలోకి కొద్దికొద్దిగా దిగుతోంది. మూడు కాళ్ళనీ గట్టిపొర తగిలేదాకా అదిమి, అక్కణ్ణుంచి కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడితే గానీ చుక్కలు చుక్కలు కాలేదు. తిన్నె ముందు వైపు నా అడుగుల జాడ పడకూడదని ముందే వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను, అదొక్కటే మొదటిసారి సరిగ్గా చేసిన పని.

—

జవాబు:

‘చుక్కలు కాయవు’ అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. కాయడం గురించి రెండు ముక్కలు.

‘అడవి గాచిన వెన్నెల’ అంటాం. చూసేవాళ్ళు లేక వృథా అయిన అందానికి అది వాడతాం. అందులో ‘గాచిన’ని కొందరు కాపలా కాయడం అనుకుంటారు, అడవి వెన్నెలని కాపాడిందని. అది కాదు. అడవిన్ కాచిన, అడవిలో కాసిన అని. చివరి న-కారం వల్ల క కాస్తా గ అయింది. ఎడారిలో వెన్నెల కాసినా, చుక్కలు మెరిసినా అదీ ఈ సామెత లెక్కలోకే వస్తుంది. మీరు మాత్రం ఎవరూ లేరనే అక్కడికి వెళ్ళారు.

రెండోది. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది. చెట్టు కూడా కాస్తుంది! ‘మామిడి ఈ ఏడు బాగా కాసింది’ అంటాం. వెలుగు పరుచుకోవడానికీ చెట్టుకి పండు రావడానికీ మనకి ఒకటే క్రియ. మీ ఫోటోలో ఎండిన చెట్టుంది అన్నారు. కొమ్మల మధ్య చుక్కలు ఉన్నాయా?

—

పోస్టు పెట్టిన వ్యక్తి:

ఉన్నాయండీ. కొమ్మ కొమ్మకీ ఉన్నాయి. పాలపుంత సరిగ్గా చెట్టు వెనకే లేచింది. పుంత అంటే దారి కదా, ఆ దారి చెట్టులోకి దిగినట్టే ఉంది. చెట్టు ఎప్పుడో చచ్చిపోయింది. నమీబియాలోని డెడ్‌వ్లేలో వందల ఏళ్ళ కిందట చచ్చిన తుమ్మ జాతి చెట్లు ఇప్పటికీ కుళ్ళకుండా నల్లగా నిలబడి ఉన్నాయి, ఆ నేలలో కుళ్ళడానికి కావలసిన తేమ కూడా లేదు. నేను తీసింది అక్కడ కాదు, కానీ ఈ చెట్టుదీ అదే తీరు. బెరడు లేదు, వేలితో తడితే ఎముకలా మోగింది.

—

జవాబు:

అయితే వెలుగుకి పేరు తర్వాత వెతుకుదాం. ఫోటోకి మాత్రం పేరు దొరికింది: ‘చుక్కలు కాసిన మోడు’.

—

జవాబు:

చుక్కలు కాయవని పైన రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క చెట్టుకి కాశాయి.

—

పోస్టు పెట్టిన వ్యక్తి:

ఇప్పుడే ఫోటో కింద రాశాను. దాని కింద చిన్న అక్షరాలతో ‘చుక్కల చీకటిలో, నాలుగు నిమిషాలు’ అని కూడా.